కొన్ననాడే నిండియున్న పెట్టె: ముందుగా ఎక్కించిన సాఫ్టువేరు చరిత్ర

కడప నుండి కర్నూలుకు పోవు రహదారిలో మైదుకూరు దాటిన తరువాత దువ్వూరు వచ్చును. కె.సి. కాలువ నీరు పారు నేల. వరి, పసుపు ఇక్కడి రైతులకు తెలిసిన పంటలు. పసుపు తవ్వి, ఉడికించి, ఎండబెట్టి, అమ్మి, నాలుగు డబ్బులు మిగిలిన ఏడాది ఇంటిలో ఏదో ఒక పెద్ద వస్తువు కొనుట ఆనవాయితీ. ఒకప్పుడు అది కాడెద్దులు. తరువాత బావికి మోటారు. ఆ తరువాత మోటారు సైకిలు. నేడు ఆడపిల్లయో మగపిల్లవాడో ఇంజనీరింగులో చేరినచో ఆ వస్తువు లాప్‌టాపు అగుచున్నది.

ప్రొద్దుటూరులోనో కడపలోనో కొని తెచ్చిన ఆ పెట్టెను విప్పి మీట నొక్కినంతనే, కొన్నవారు అడుగని అతిథులు కొందరు తెరమీద ప్రత్యక్షమగుదురు. ముప్పది దినముల పాటు ఉచితమని చెప్పి, ముప్పది ఒకటవ దినమున డబ్బు అడుగు వైరస్ నిరోధక ప్రోగ్రాము ఒకటి. ఎన్నడూ ఆడబోని ఆటలు రెండు మూడు. తయారీదారు పేరుతో నడుచు 'సహాయకులు' నాలుగైదు. సంత నుండి ఎద్దును తోలుకొని వచ్చినవాడు ముందు దాని మెడక్రింద, చెవులలో గోమార్లున్నవేమోనని వెదకును. గోమారిని లాగివేయుట ఎంత అవసరమో, లాగునప్పుడు దాని తల చర్మములో తెగి మిగిలిపోకుండ చూచుకొనుట కూడ అంతే అవసరమని అతనికి తెలియును. కంప్యూటరు విషయములో ఈ రెండవ సంగతి చాలమందికి తెలియదు. తెలియకపోవుట వలన లోకములో ఏమేమి జరిగినదో చెప్పుటకే ఈ వ్యాసము.

అసలు యంత్రములో సరకు ముందే ఎక్కించి అమ్ము అలవాటు ఎట్లు వచ్చినది? కంప్యూటరు పుట్టిననాడు ఈ ప్రశ్నకు అర్థమే లేదు. హైదరాబాదులో 1967లో స్థాపించిన ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా సంస్థ, ట్రాంబేలో రూపొందిన నమూనాననుసరించి 1969లో టి.డి.సి.-12 అను కంప్యూటరును తయారుచేసినది. ఆనాటి చిన్న కంప్యూటర్లలో విద్యుత్తు పెట్టినంత మాత్రమున ఏ బొమ్మయు కనిపించెడిది కాదు. చిల్లులు పొడిచిన కాగితపు పట్టీ మీదనుండి ఏ ప్రోగ్రామును చదివించినచో దానినే యంత్రము నడిపెడిది. పని ముగిసిన వెనుక పట్టీని చుట్టి అలమరలో పెట్టినచో 'తొలగించుట' పూర్తి అయినట్లే.

అదే 1969వ సంవత్సరము అమెరికాలో మరియొక కారణముచేత ముఖ్యమైనది. అంతవరకు ఐ.బి.ఎం. కంపెనీ కంప్యూటరుతో పాటు సాఫ్టువేరును, శిక్షణను, ఇంజనీర్ల సలహాను అన్నిటిని కలిపి ఒకే ధరకు ఇచ్చుచుండెడిది. ఊరికే వచ్చుచున్నట్లు కనిపించిన సాఫ్టువేరు ఖరీదు నిజమునకు యంత్రము అద్దెలోనే కలిసి ఉండెడిది. 1969 జనవరిలో అమెరికా ప్రభుత్వము ఆ కంపెనీ మీద గుత్తాధిపత్య వ్యాజ్యము వేసినది. జూన్ 23న కంపెనీ ఇక మీదట వీటికి వేరువేరు ధరలు పెట్టుదుమని ప్రకటించినది. సాఫ్టువేరు తనంతట తానొక సరకైనది ఆనాటి నుండియే అని చెప్పవచ్చును. విడదీసిన దానిని మరల కలిపి కట్టుటకు మరి పదునైదు ఇరువది ఏండ్లు మాత్రమే పట్టినది!

1981 ఆగస్టు 12న ఐ.బి.ఎం. తన పర్సనల్ కంప్యూటరును విడుదల చేసినప్పుడు సైతము కొనువానికి ఎంపిక ఉండెడిది. పి.సి.-డాస్ కావలెనన్న 40 డాలర్లు, సి.పి./ఎం.-86 కావలెనన్న 240 డాలర్లు వేరుగా చెల్లించి ఫ్లాపీ పళ్లెము తెచ్చుకొనవలెను. చవుకైనది గెలిచినదనుటలో ఆశ్చర్యము లేదు. అప్పటికి యంత్రములో హార్డు డిస్కు లేదు గనుక లోపల ముందే ఎక్కించుటకు చోటు కూడ లేదు. 1983లో వచ్చిన ఎక్స్.టి. నమూనాలో పది మెగాబైట్ల హార్డు డిస్కు అమర్చినారు. అక్కడ తలుపు తెరచుకొన్నది. గాదె ఉన్నచోట గింజలు పోయువాడు ఉండును. గాదె కొన్నవాని గింజలే పోయవలెనన్న నియమమేమియు లేదు.

తరువాతి ఘట్టము వ్యాపార ఒప్పందములది. మైక్రోసాఫ్టు కంపెనీ కంప్యూటరు తయారీదారులతో చేసుకొన్న కొన్ని ఒప్పందములలో ఒక విచిత్రమైన షరతు ఉండెడిది. తయారీదారు ఎన్ని యంత్రములు అమ్మునో అన్నిటికి, వాటిలో డాస్ ఎక్కించినను ఎక్కించకపోయినను, రుసుము చెల్లించవలెను. మరియొకరి సాఫ్టువేరు ఎక్కించినచో రెండు రుసుములు! ఈ పద్ధతిని అమెరికా న్యాయశాఖ ఆక్షేపించగా 1994 జూలైలో కుదిరిన రాజీతో అది ఆగినది. కాని అప్పటికే 'యంత్రమనగా విండోసు' అను అలవాటు స్థిరపడిపోయినది. అదే 1994లో జిమ్ హాల్ అను అమెరికా విద్యార్థి ఫ్రీడాస్ అను ఉచిత వ్యవస్థకు అంకురార్పణ చేసినాడు. మన దేశపు దుకాణములలో విండోసు లేని చవుక లాప్‌టాపుల మీద 'డాస్' అని వ్రాసి అమ్మునది తరచుగా ఇదియే. పుట్టిన ఇంటికన్న మెట్టిన ఇంట దానికి ఎక్కువ పేరు వచ్చినదనవచ్చును.

ఇక తొలగించుట సంగతి. విండోస్ 3.1 కాలములో, అనగా 1992 ప్రాంతమున, ఒక ప్రోగ్రామును ఎక్కించినచో అది తన దస్త్రములను నాలుగు చోట్ల చల్లెడిది, 'విన్.ఐఎన్ఐ' అను పట్టికలో తన పేర నాలుగు పంక్తులు వ్రాసికొనెడిది. తీసివేయుటకు అధికారికమైన మార్గము లేదు. ప్రోగ్రాము ఉన్న సంచయమును తుడిచివేసి చేతులు దులుపుకొన్నవారికి, మరునాడు యంత్రము తెరచినప్పుడు 'ఫలానా దస్త్రము కనబడుట లేదు' అను ఫిర్యాదు ఎదురయ్యెడిది. అంతకన్న చిక్కు మరియొకటి ఉన్నది. రెండు మూడు ప్రోగ్రాములు ఒకే దస్త్రమును పంచుకొనును. ఉమ్మడి బావి వంటిది. ఒకడు వాటా వదలుకొని పోవుచు బావిని పూడ్చి పోయినచో తక్కినవారి పొలములు ఎండును. 1995లో వచ్చిన విండోస్ 95 ఇందుకొక ఏర్పాటు చేసినది. ప్రతి ప్రోగ్రాము తాను ఎక్కినప్పుడే తన్ను తీసివేయు పద్ధతిని కూడ 'రిజిస్ట్రీ' అను పెద్ద పుస్తకములో నమోదు చేయించవలెను. పంచుకొను దస్త్రమునకు ఎంతమంది వాటాదారులో లెక్క ఉండవలెను. ఆ లెక్క సున్నకు వచ్చిన తరువాతనే దానిని చెరపవలెను. నేటికిని సెట్టింగులలో 'అన్ఇన్‌స్టాల్' అని నొక్కినప్పుడు జరుగునది మూలములో ఇదియే. సంచయమును చేతితో చెరపరాదనుటకు కారణము కూడ ఇదియే.

న్యాయస్థానమెక్కిన తొలగింపు

ఒక ప్రోగ్రామును కంప్యూటరు నుండి తీసివేయవచ్చునా లేదా అను ప్రశ్న ఒక దేశపు న్యాయస్థానములో నెలల తరబడి నలిగినదనగా నమ్మశక్యము కాదు. కాని అట్లే జరిగినది. 1998 మే 18న అమెరికా న్యాయశాఖ, అనేక రాష్ట్రములు కలిసి మైక్రోసాఫ్టు మీద వ్యాజ్యము వేసినవి. విండోసుతో పాటు ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరు అను బ్రౌజరును విడదీయరాని విధముగా అంటగట్టుచున్నారన్నది ముఖ్యమైన ఆరోపణలలో ఒకటి. అంతకు రెండేండ్ల ముందు కాంపాక్ కంపెనీ తన ప్రెసారియో యంత్రముల తెరమీదనుండి ఆ బ్రౌజరు గుర్తును తీసి నెట్‌స్కేప్ గుర్తును పెట్టగా, విండోసు అనుమతినే రద్దు చేయుదుమని మైక్రోసాఫ్టు హెచ్చరించినది. కాంపాక్ వెనుకకు తగ్గినది. అనగా యంత్రమును తయారుచేయువానికే తొలగించు స్వాతంత్ర్యము లేకపోయినది. ఇక కొనువాని మాట చెప్పనేల?

బ్రౌజరు విండోసులో అంతర్భాగమని, తీసినచో మొత్తము చెడిపోవునని కంపెనీ వాదించినది. ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయపు ఆచార్యుడు ఎడ్వర్డ్ ఫెల్టెన్ తన ఇద్దరు పూర్వ విద్యార్థుల సహాయముతో ఒక చిన్న ప్రోగ్రాము వ్రాసి, విండోస్ 98 నుండి ఆ బ్రౌజరును తొలగించి చూపించినాడు. దానికి జవాబుగా కంపెనీవారు 1999 ఫిబ్రవరిలో ఒక వీడియో చిత్రమును కోర్టులో ప్రదర్శించినారు. ఫెల్టెన్ ప్రోగ్రామును నడిపిన తరువాత యంత్రము ఎంత మందకొడిగా పనిచేయుచున్నదో చూడుడని వారి ఉద్దేశము. ప్రభుత్వ న్యాయవాది డేవిడ్ బాయీస్ చిత్రమును మధ్యలో ఆపి, తెరమీది కిటికీ శీర్షికను చూపి, 'ఈ యంత్రములో ఆ ప్రోగ్రాము నడిచినట్లే లేదే' అన్నట్లుగా ప్రశ్నించినాడు. సాక్షి జిమ్ ఆల్చిన్ తడబడినాడు. చిత్రీకరణలో ఒకటికన్న ఎక్కువ యంత్రములు వాడినట్లు చివరకు బయటపడినది. పెండ్లిచూపులలో అక్కను చూపి చెల్లెలిని కట్టబెట్టిన సామెత వంటిదే ఇది.

ఇందులో శాస్త్ర విషయము ఒకటి ఉన్నది. ఫెల్టెన్ చేసినది ఎంతవరకు 'తొలగింపు'? బ్రౌజరుగా వాడుకొను మార్గములను అతడు మూసినాడు. విండోసులోని ఇతర భాగములు కూడ వాడుకొను ఉమ్మడి దస్త్రములను మాత్రము ఉంచినాడు. ఆ ఉమ్మడి బావి మరల ఇక్కడ కనిపించుచున్నది. 2001 జూన్ 28న అప్పీలు న్యాయస్థానము, కంపెనీని రెండు ముక్కలు చేయవలెనన్న క్రింది కోర్టు ఉత్తరువును కొట్టివేసినను, తొలగింపు జాబితాలో బ్రౌజరు పేరు లేకుండ చేయుట, దాని సంకేతములను విండోసు సంకేతములతో కలగలిపి వేయుట తప్పేనని తీర్మానించినది. తరువాతి రాజీ ఫలితముగా 2002లో విండోస్ ఎక్స్.పి.లో ఒక సదుపాయము వచ్చినది. దానితో బ్రౌజరు గుర్తు కనబడకుండ పోవును. బ్రౌజరు మాత్రము లోపలనే ఉండును. దాచుట వేరు, తీయుట వేరు. నేటి ఫోనులలో 'డిసేబుల్' అను మాటకును 'అన్ఇన్‌స్టాల్' అను మాటకును ఉన్న భేదము ఇదియే.

యూరపులో 2004 మార్చిలో ఇటువంటి వ్యాజ్యమే ఇంకొక ముగింపునకు వచ్చినది. కంపెనీకి 497 మిలియన్ యూరోల జరిమానా పడినది. మీడియా ప్లేయరు లేని విండోసును కూడ అమ్మవలసి వచ్చినది. రెండింటి ధర ఒక్కటే గనుక లేనిదానిని కొన్నవారు దాదాపు లేరు.

ఎవరి డబ్బు, ఎవరి చోటు

ఈలోగా తయారీదారులే వేరొక వ్యాపారము కనిపెట్టినారు. లాప్‌టాపు అమ్మకములో లాభము నానాటికి పలుచబడినది. తెరమీద గుర్తు పెట్టుటకు, నెల దినముల నమూనా ప్రోగ్రామును ఎక్కించుటకు సాఫ్టువేరు కంపెనీలు డబ్బు ఇచ్చుచున్నవి. గోడ మనది, గోడమీది ప్రకటన బాడుగ ఇల్లు కట్టిన మేస్త్రీది అన్నట్లయినది. 2008 మార్చిలో సోనీ కంపెనీ ఒక నమూనా లాప్‌టాపు విషయములో, ఈ సరకు లేకుండ కావలెనన్న యాభై డాలర్లు అదనముగా చెల్లించుడని ప్రకటించినది. ఖాళీ చోటుకు వెల కట్టిన ఆ ప్రకటనను చూచి జనము మండిపడగా, మరునాటికే ఆ రుసుమును ఎత్తివేసినారు. నా దృష్టిలో ఆ సంఘటన చాల మేలు చేసినది; 'ఉచితము' అనుకొన్న దాని అసలు ధర ఎంతో తయారీదారుడే నోటితో చెప్పినట్లయినది.

యంత్రము మందగించుట, డిస్కులో చోటు తగ్గుట, బ్యాటరీ తొందరగా అయిపోవుట: ఇంతవరకే అయినచో దీనిని చికాకు అని వదలివేయవచ్చును. 2015 ఫిబ్రవరిలో బయటపడినది చికాకు కాదు.

లెనోవో కంపెనీ 2014 రెండవ భాగములో అమ్మిన కొన్ని లాప్‌టాపులలో సూపర్‌ఫిష్ అను సంస్థవారి ప్రోగ్రామును ముందుగా ఎక్కించినది. మనము ఇంటర్నెట్టులో ఒక వస్తువు బొమ్మ చూచుచుండగా, అటువంటి వస్తువులనే అమ్ము ప్రకటనలను పుటలో దూర్చుట దాని పని. కాని నేటి ఇంటర్నెట్టు పుటలలో చాలభాగము గూఢలిపిలో వచ్చును. మధ్యవారు చదువలేరు, మార్చలేరు. బ్యాంకు పుట నిజముగా ఆ బ్యాంకుదేనా అని బ్రౌజరు తెలిసికొనునది ఒక ధ్రువపత్రము వలన. ఆ పత్రము మీద నమ్మకమైన అధికారి ముద్ర ఉండవలెను. అట్టి అధికారుల పట్టిక విండోసులో భద్రముగా ఉండును. సబ్ రిజిస్ట్రారు ముద్ర ఉన్న దస్తావేజును చూచి మనము పొలము కొనుట వంటిదే ఇది.

సూపర్‌ఫిష్ ప్రోగ్రాము ఆ పట్టికలో తన పేరును కూడ అధికారిగా చేర్చుకొన్నది! ఇక ఏ బ్యాంకు పుట వచ్చినను మధ్యలో పట్టుకొని, గూఢలిపి విప్పి, తన సొంత ముద్ర వేసి బ్రౌజరుకు అందించును. బ్రౌజరు ముద్రను చూచి తృప్తి పడును. అంతటితో ఆగలేదు. ఆ ముద్రను వేయు రహస్య సంఖ్య ప్రతి లాప్‌టాపులోను ఒక్కటే. భద్రతా నిపుణుడు రాబర్ట్ గ్రాహమ్ ఒక యంత్రములోని ఆ రహస్యమునకు వేసిన తాళపుమాటను కొన్ని గంటలలో కనుగొన్నాడు. ఆ మాట 'కొమోడియా'. ఆ భాగమును తయారుచేసిన కంపెనీ పేరే! దొంగముద్ర ఒకటి చెక్కించి, దాని ప్రతిని ఇంటింటికి పంచి, పెట్టెకు వేసిన తాళముపై తాళపువాని పేరు వ్రాసినట్లున్నది గదా. ఇక బస్‌స్టాండులో ఉచిత వైఫై నడుపు ఏ దుర్మార్గుడైనను ఆ రహస్యముతో బ్యాంకు పుటను బోలిన పుటను సృష్టించి అటువంటి లాప్‌టాపు ముందు పెట్టవచ్చును; హెచ్చరిక రాదు.

ఇప్పుడు గోమారి తల సంగతి. అపాయము తెలిసి ఆ ప్రోగ్రామును మామూలు పద్ధతిలో తీసివేసినవారికి ప్రకటనలు ఆగినవి. కాని అధికారుల పట్టికలో చేరిన ఆ దొంగ ముద్ర అట్లే మిగిలినది. తీసివేసితిమని నిశ్చింతగా ఉన్నవాని అపాయము తీయనివాని అపాయముతో సమానము. ఫైర్‌ఫాక్స్ బ్రౌజరుకు తన సొంత పట్టిక ఉండును గనుక అక్కడ కూడ వేరుగా వెదకవలసి వచ్చినది. ఫిబ్రవరి 20న మైక్రోసాఫ్టు తన డిఫెండరు ప్రోగ్రామునకు ప్రోగ్రామును, ముద్రను రెండింటిని తొలగించు విద్య నేర్పినది. లెనోవో కూడ ఒక తొలగింపు సాధనమును విడుదల చేసినది. 2017 సెప్టెంబరులో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషనుతోను, 32 రాష్ట్రములతోను రాజీ కుదిరినప్పుడు ఆ రాష్ట్రములకు కంపెనీ 35 లక్షల డాలర్లు చెల్లించినది.

అదే 2015 నవంబరులో డెల్ కంపెనీ లాప్‌టాపులలో 'ఈడెల్‌రూట్' అను ఇటువంటి ముద్రయే దొరికినది. దీని ఉద్దేశము ప్రకటనలు కాదు; మరమ్మతు సహాయము కోరినవారి యంత్రమును గుర్తించుట. ఉద్దేశము మంచిదైనను దాని రహస్య సంఖ్య యంత్రములోనే ఉండుటచేత అపాయము ఒక్కటే. ఇక్కడ కథ తలక్రిందులైనది. జాగ్రత్తపరులు ముద్రను వెదకి చెరిపినారు. యంత్రమును మరల తెరువగా ముద్ర మరల కనిపించినది. డెల్ వారి సేవా ప్రోగ్రాములోని ఒక దస్త్రము దానిని తిరిగి నాటుచుండెడిది. మొదట ఆ దస్త్రమును తీసి తరువాత ముద్రను తీయవలెను.

పసుపు తోటలో తుంగ తీసినవారికి ఇది క్రొత్త సంగతి కాదు. పైన పచ్చని గడ్డి పీకినచో చేను శుభ్రముగా కనబడును. నేలలోని గడ్డ నుండి పది దినములకు మరల మొలక వచ్చును. లాప్‌టాపులో ఇంకను లోతైన గడ్డ ఒకటి ఉన్నది. విండోస్ 8 కాలము నుండి, యంత్రపు మూల ఫర్మువేరులో తయారీదారు ఒక చిన్న ప్రోగ్రామును ఉంచినచో, విండోసు ప్రతిసారి మేల్కొనునప్పుడు దానిని తీసికొని నడుపు ఏర్పాటు కలదు. దొంగిలించిన లాప్‌టాపును కనిపెట్టు సాధనము వంటివి డిస్కు తుడిచినను నిలిచియుండవలెనన్నది దాని ప్రయోజనము. 2015లోనే లెనోవో కొన్ని నమూనాలలో ఈ దారిన తన సేవా ప్రోగ్రామును పంపుచుండెడిది. కొన్నవారు డిస్కు మొత్తము తుడిచి, మైక్రోసాఫ్టు వారి శుద్ధమైన విండోసును ఎక్కించినను, ఆ ప్రోగ్రాము మరల ప్రత్యక్షమైనది! అందులో భద్రతాలోపము బయటపడగా కంపెనీ ఫర్మువేరును సవరించి ఆ ఏర్పాటును తీసివేసినది.

మన దేశములో

మనవారు కంప్యూటరుకన్న ఫోనును, టాబును ఎక్కువగా వాడుదురు గనుక ఈ వివాదము ఇక్కడ ఆ దారిన వచ్చినది. 2022 డిసెంబరు 21న బాపట్ల జిల్లా యడ్లపల్లిలో అప్పటి ముఖ్యమంత్రి ప్రారంభించిన కార్యక్రమములో, రాష్ట్రమంతట ప్రభుత్వ పాఠశాలల 8వ తరగతి పిల్లలకు, ఉపాధ్యాయులకు 5,18,740 శాంసంగ్ టాబులు కేటాయించినారు. కడప జిల్లా పిల్లలును అందులో ఉన్నారు. వాటిలో బైజూస్ సంస్థ పాఠములను ముందుగా ఎక్కించి, పిల్లలు ఇతర విషయములకు పోకుండ నిర్వహణ తాళము వేసినారు. పదమూడేండ్ల పిల్లవాని చేతికిచ్చు యంత్రమునకు ఇటువంటి తాళము ఉండుట తప్పని నేను అనను. బడి యంత్రము బడిది. కాని పాఠములిచ్చిన సంస్థ మీద 2024 జూలైలో దివాలా ప్రక్రియ మొదలైనప్పుడు, ముందే ఎక్కించిన దానికి తరువాత యజమాని ఎవరు, నవీకరించువారెవరు అను ప్రశ్న సహజముగా లేచినది. ఎక్కించుటకు ఒక ఉత్సవము ఉండును, దించుటకు ఉండదు.

2022 అక్టోబరు 20న భారత పోటీ కమిషను గూగుల్ సంస్థకు రూ. 1,337.76 కోట్ల జరిమానా విధించినది. ఆండ్రాయిడ్ ఫోనులలో తన ప్రోగ్రాములన్నిటిని కట్టగా ఎక్కించవలెనని తయారీదారులను నిర్బంధించుట ముఖ్యమైన తప్పులలో ఒకటి. కొన్నవాడు వాటిని తీసివేయుటకు అడ్డుపడరాదని కూడ కమిషను ఆదేశించినది. 2023 మార్చి 29న అప్పీలు ట్రిబ్యునలు జరిమానాను నిలిపినను ఈ తొలగింపు ఆదేశమును రద్దు చేసినది. ఇక 2025 నవంబరు చివరిలో కేంద్ర టెలికాం శాఖ 'సంచార్ సాథీ' అను ప్రోగ్రామును క్రొత్త ఫోనులన్నిటిలో ముందుగా ఎక్కించవలెనని తయారీదారులకు ఉత్తరువిచ్చినది. పోయిన ఫోనును అడ్డగించుటకు, తన పేర ఎన్ని సిమ్ములున్నవో చూచికొనుటకు అది పనికివచ్చునదే. కాని కొన్నవాడు కోరి తెచ్చుకొనుట వేరు, పుట్టుకతోనే ఉండుట వేరు అని దేశమంతట చర్చ లేచినది. డిసెంబరు 3న ఆ నిర్బంధమును ఉపసంహరించినారు.

దువ్వూరు ఇంటిలోని క్రొత్త లాప్‌టాపు

ఇప్పుడు మన లాప్‌టాపు వద్దకు వత్తము. పైన చెప్పిన చరిత్రను బట్టియే తొలగింపునకు ఒక వరుస ఏర్పడును. మొదటి సంగతి, మొదటి దినముననే తొలగింపు మొదలుపెట్టరాదు. విండోసు నవీకరణలను, తయారీదారు ఫర్మువేరు నవీకరణను పూర్తి కానిచ్చి, యంత్రము తిన్నగా నడుచుచున్నదో లేదో రెండు దినములు చూడవలెను. లోపమున్న యంత్రమైనచో దుకాణమునకు తిరిగి ఇచ్చునప్పుడు 'మీరేదో చేసినారు' అను మాట రాదు. తరువాత ఒక యు.ఎస్.బి. కడ్డీలో పునరుద్ధరణ సాధనమును తయారుచేసికొనవలెను. డిస్కు గూఢలిపిలో ఉన్నచో దాని పునరుద్ధరణ సంఖ్యను కాగితము మీద వ్రాసి, పొలము కాగితములున్న పెట్టెలోనే పెట్టుకొనుట మంచిది. లాప్‌టాపులోనే దాచుట బీరువా తాళపుచెవిని బీరువాలో పెట్టుట వంటిది.

సెట్టింగులలోని ప్రోగ్రాముల జాబితాను ముందు చదువవలెను, చేయి పెట్టరాదు. ఇంటెల్, ఏ.ఎం.డి., రియల్‌టెక్, సినాప్టిక్స్ మొదలగు పేర్లున్నవి చాలవరకు తెరను, శబ్దమును, వేలి పలకను నడుపునవి. 'విజువల్ సి++' అని మొదలగునవి పైన చెప్పిన ఉమ్మడి బావులు. వీటి జోలికి పోరాదు. తయారీదారు పేరున్న వాటిలో ఫర్మువేరును నవీకరించునది ఒకటి ఉండును, దానిని ఉంచవలెను. ఆటలు, దుకాణ ప్రకటనలు, గడువు ప్రోగ్రాములు తీసివేయదగినవి. ఏదో తెలియని పేరు కనబడినచో దానిని ఒక దినము అట్లే వదలి, అదేమో విచారించి అప్పుడు నిర్ణయించుటలో నష్టమేమియు లేదు.

అన్నిటికన్న జాగ్రత్తగా తీయవలసినది ఆ ముప్పది దినముల వైరస్ నిరోధక ప్రోగ్రామును. అది ఇంటర్నెట్టు రాకపోకల దారిలోనే కావలి కూర్చొనియుండును. సగము తెగినచో కావలివాడు పోయి గేటు మూసియే ఉండును, వలసంబంధము నిలిచిపోవును. అందుచేత మామూలు తొలగింపు తరువాత, ఆ కంపెనీవారే తమ సొంత పుటలో ఇచ్చు ప్రత్యేక తొలగింపు సాధనమును కూడ నడిపి, యంత్రమును మూసి తెరువవలెను. అప్పుడు విండోసులోనే ఉన్న డిఫెండరు తనంతట తాను కావలికి వచ్చును. వచ్చినదో లేదో భద్రతా పుటలో చూచి రూఢి చేసికొనవలెను. ఒక్కొక్కటి తీసిన వెనుక ఒకసారి శబ్దము, వైఫై, కెమెరా, మూతవేసి తెరచుట పరీక్షించి మరియొకదానికి పోవలెను. పదింటిని ఒకేసారి తీసినవాడు, చెడినప్పుడు పదింటిలో దేనివలన చెడినదో చెప్పలేడు.

ఒక్క నొక్కుతో అంతయు శుభ్రము చేయుదుమను ప్రోగ్రాములు, ఎవరో వ్రాసి పంచు ఆదేశపు పట్టికలు చాల ఉన్నవి. వాటిలో మంచివి లేవని కాదు. కాని వాటికి మనము ఇచ్చునది యంత్రముపై సర్వాధికారము; సూపర్‌ఫిష్ పొందినది కూడ అదే. అందులోని ప్రతి పంక్తిని చదివి అర్థము చేసికొనగలవారు మాత్రమే వాడదగును. రిజిస్ట్రీని 'కడిగెద'మను సాధనముల వలన కలుగు లాభము నాకెన్నడును కనబడలేదు.

ఇంకను ఒక చిన్న సంగతి. విండోసులోని కొన్ని ప్రోగ్రాములు, ఒకరి ఖాతా నుండి తీసివేసినను, క్రొత్త ఖాతా తెరచినప్పుడు మరల వచ్చును. ఎందుకనగా క్రొత్తవారికి పంచుటకని ఒక ప్రతి వేరుగా దాచియుండును. అక్కకొక ఖాతా, తమ్మునికొక ఖాతా పెట్టు ఇంటిలో దీనిని చూచి కంగారు పడనక్కరలేదు. తయారీదారు ఉంచిన పునరుద్ధరణ భాగము నుండి యంత్రమును మొదటి స్థితికి తెచ్చినను ఆ సరకంతయు తిరిగి వచ్చును. నిజముగా ఖాళీ యంత్రము కావలెనన్నవారు మైక్రోసాఫ్టు పుట నుండి తెచ్చిన శుద్ధ ప్రతిని ఎక్కించుకొనవచ్చును. విండోస్ 8 మొదలు ముందుగా విండోసు ఎక్కించి అమ్మిన యంత్రములలో అనుమతి సంఖ్య ఫర్మువేరులోనే ఉండును గనుక, అదే తరగతి విండోసును ఎక్కించినచో సామాన్యముగా మరల కొననక్కరలేదు. వైఫైని నడుపు డ్రైవరును మాత్రము ముందే కడ్డీలో దింపియుంచుకొనవలెను. లేనిచో దానిని తెచ్చుకొనుటకు కావలసిన ఇంటర్నెట్టే ఉండదు.

చివరకు అధికారుల పట్టికను ఒకసారి తెరచి చూడవలెను. విండోసు వెదకు గడిలో 'సర్ట్‌ఎంజిఆర్' అని కొట్టినచో అది తెరచుకొనును. అందులో నమ్మకమైన మూల అధికారుల శాఖలో పదుల కొలది పేర్లుండును. చాలవరకు మనకు తెలియనివే, సక్రమమైనవే, కనుక తొందరపడి దేనిని చెరపరాదు. లాప్‌టాపు తయారీదారు పేరో, ప్రకటనల సంస్థ పేరో, మనము తీసివేసిన ప్రోగ్రాము పేరో అక్కడ కనబడినచో మాత్రము ఆగి విచారించవలెను. ఇంటివారి బ్యాంకు ఖాతాను, స్కాలర్‌షిప్పు దరఖాస్తును ఆ లాప్‌టాపులో మొదటిసారి తెరచుట ఈ పని అయిన తరువాత.